గిడుగు రామమూర్తి పంతులుగారు

శ్రీకాకుళ పట్టణమునకు ఉత్తరమున ఇరువది మైళ్ల దూరములో, వంశధారా నది ఒడ్డున, పర్వతాలపేట యను గ్రామము కలదు. ఆ ప్రాంతమునకు ఎగువన తూర్పు కనుమల కొండలు వరుసగా లేచి యుండును. ఆ కొండలలో తరతరములుగా సవరలను జనులు నివసించుచున్నారు. క్రింది పల్లెలలోని తెలుగువారికి ఆ కొండలు నిత్యము కనుచూపు మేరలోనివే. కాని కొండమీదివారి మాట మాత్రము వారికి తెలియదు. ఆ మాటను నేర్చుకొని, ఆ కొండబిడ్డలకు చదువు చెప్పవలెనని దీక్ష వహించిన గిడుగు వేంకట రామమూర్తి పంతులుగారు 1863వ సంవత్సరము ఆగస్టు 29వ తేదీన ఆ పర్వతాలపేటలో జన్మించిరి.

మీరు ప్రతి సంవత్సరము ఆ తేదీన తెలుగు భాషా దినోత్సవము జరుపుకొనుచున్నారు. వాడుక భాషకు గ్రంథములలో చోటు కల్పించుటకు పోరాడిన పండితుడుగానే మీరు వారిని ఎరుగుదురు. ఆ పోరాటమునకు పూర్వమే వారు చేసిన పని యొకటి కలదు. దానిని గూర్చి చెప్పువారు తక్కువ. నేను ముఖ్యముగా దానినే చెప్పదలచితిని.

రామమూర్తిగారి తండ్రి వీర్రాజుగారు రెవెన్యూ శాఖలో చిన్న యుద్యోగి. తల్లి వెంకమ్మగారు. పన్నెండవ యేటివరకు బాలుడు ఊరిబడిలోనే చదువుకొనెను. 1875లో తండ్రికి చోడవరమునకు బదిలీ యయ్యెను. ఆ సంవత్సరమే ఆయన జ్వరముతో మరణించెను. ఇల్లు గడుపు పెద్దదిక్కు పోగా, బాలుడు విజయనగరములో మేనమామగారి యింట ఆశ్రయము పొంది, మహారాజావారి ఇంగ్లీషు పాఠశాలలో చేరెను.

విజయనగరము ఆనాడు ఉత్తరాంధ్రమునకు చదువుల పట్టణము. 1857లో మహారాజావారు స్థాపించిన ఆ పాఠశాల 1879లో కళాశాలగా ఎదిగెను. రామమూర్తికి అచ్చట సహాధ్యాయి యైనవాడు గురజాడ అప్పారావు. ఇరువురును పేదవిద్యార్థులే. అయితే అప్పారావునకు ఒక అదృష్టము కలిగినది. కళాశాల ప్రధానాచార్యులైన చంద్రశేఖరశాస్త్రిగారు ఆ బాలునికి తిండియు, ఉండుటకు చోటును ఉచితముగా కల్పించి చదివించిరి. ఆ యాదరమువలన అప్పారావు మెట్లు తడబడకుండ ఎక్కి, మధ్యలో ఉపాధ్యాయుడుగా కొంతకాలము పనిచేయుచునే, 1886లో బి.ఏ. పరీక్షయం దుత్తీర్ణుడయ్యెను. రామమూర్తి 1879లోనే మెట్రిక్యులేషను ముగించెను. కాని అచ్చట దారి ఆగిపోయెను. ఆ యేటనే వివాహమయ్యెను. సంసారభారము మీద పడినవానికి కళాశాల గుమ్మము దాటుట యెట్లు?

1880లో పర్లాకిమిడి రాజావారి పాఠశాలలో ముప్పది రూపాయల జీతముమీద ఉద్యోగము దొరకెను. పర్లాకిమిడి అప్పుడు మద్రాసు రాజధానిలోని గంజాము జిల్లాయందుండెడిది. నేడు ఒడిశా రాష్ట్రములోని గజపతి జిల్లాకు ముఖ్యపట్టణము. అచ్చట ఫస్టు ఫారము పిల్లలకు, అనగా నేటి ఆరవ తరగతివారికి, చరిత్ర చెప్పుట ఆయన పని. అప్పటికి ఉపాధ్యాయుని వయస్సు పదునేడేండ్లే.

పగలు పాఠములు చెప్పుట, ఇంటియొద్ద తన చదువు తాను చదువుకొనుట, ఇదియే తరువాతి పదునారేండ్ల కథ. నేటి ఇంటర్మీడియెట్ వంటి ఎఫ్.ఏ. పరీక్షను 1886లో ఇంటియొద్ద చదివి ముగించిరి. అదే సంవత్సరము సహాధ్యాయి యైన గురజాడ పట్టభద్రుడైన సంగతి పైన చెప్పితిని. రామమూర్తిగారికి ఆ పట్టము చేతికి వచ్చుటకు ఇంకను పదేండ్లు పట్టెను. 1896లో చరిత్ర ప్రధాన విషయముగా బి.ఏ. ముగించిరి. అప్పటికి వారికి ముప్పది మూడేండ్లు. సంస్థానపు ఉన్నత పాఠశాల కళాశాల యైనపుడు కళాశాల తరగతులకు పాఠము చెప్పు నర్హత వారికి ఆ పట్టమువలననే కలిగినది. ఎవ్వరును చేయిపట్టి నడపని దారిలో తడుముకొనుచు నడచినవానికి, వెనుక వచ్చువాడు ఎచ్చట తొట్రుపడునో బాగుగా తెలియును. వారి తరువాతి పనులన్నిటిలోను ఈ తెలివిడి కనబడుచుండును.

చరిత్ర చెప్పు పంతులు చరిత్రపుస్తకముతో తృప్తిపడలేదు. పర్లాకిమిడికి చేరువనే శ్రీముఖలింగ క్షేత్రము కలదు. ఆ దేవాలయముల గోడలమీద, స్తంభములమీద పాత లిపులలో శాసనములు చెక్కబడి యున్నవి. ఆ లిపిని వారికి నేర్పినవారు లేరు. తామే అక్షరమక్షరము పోల్చుకొనుచు నేర్చుకొని వాటిని చదివిరి. గాంగరాజుల రాజధాని యైన కళింగనగరము ఈ ముఖలింగమే యని వాదించుచు ఇంగ్లీషులో వ్యాసములు వ్రాసిరి. ఇండియన్ ఆంటిక్వెరీ వంటి పత్రికలు వారి రచనలను ప్రకటించినవి. మన జిల్లా పిల్లలలో ఎందరు ముఖలింగమునకు విహారయాత్రగా పోయి, ఆ గోడలమీది గీతలు అక్షరములని తెలియకయే తిరిగి వచ్చుచున్నారో!

ఇక సవరల సంగతి. వీరు మిక్కిలి ప్రాచీనులు. ఐతరేయ బ్రాహ్మణము శబరులను పేర్కొనుచున్నది. వీరు ముఖ్యముగా సేద్యగాండ్రు. కొండవాలులమీద చెట్లు నరికి, కాల్చి, ఆ బూడిదలో చోళ్లు, సామలు, కందులు, జొన్నలు చల్లి పంట తీయుదురు. దీనిని పోడు అందురు. అంతే కాదు. కొండవాగు పారుచోట వాలును మెట్లు మెట్లుగా చెక్కి, మట్టి జారిపోకుండ రాళ్లతో గట్లు పేర్చి, పైమడినుండి క్రిందిమడికి నీరు దిగునట్లు అమర్చి వరి పండించుటలో సవరలు ఆరితేరినవారు. ఇంజనీరింగు చదివినవాడు కూడ ఆ మళ్లను చూచి నిలబడిపోవును. భూమి నెరిగిన జ్ఞానము వారికి కొరత కాదు.

కొరత మరియొకటి. పంట తీసి, కావడి భుజమున వేసికొని క్రిందికి దిగి సంతకు వచ్చిన సవర, ఆ సంతలో మూగవాడు. అచ్చటి మాట తెలుగు, లేదా ఒడియా. తన కందులు ఎన్ని కుంచము లయ్యెనో, షాహుకారు కాగితముమీద ఎంత అప్పు వ్రాసికొనెనో అతనికి తెలియదు. నడుమ ఉభయ భాషలు వచ్చినవాడొకడు ఉండి చెప్పినదే సత్యము. కచేరీలోను అంతే. అధికారి అడిగినది సవరకు తెలియదు. సవర చెప్పినది అధికారికి తెలియదు. కొండపిల్లలను బడిలో వేసినను, పంతులు మాట పిల్లవానికి అర్థము కాదు. మొదటిదినమే తలవంచుకొని కూర్చున్నవాడు రెండవదినము రాడు. వానికి చదువు అబ్బదని లోకము తీర్మానించును.

రామమూర్తిగారు ఈ తీర్మానమును అంగీకరింపలేదు. పిల్లవానికి పంతులు భాష రాకపోవుట తప్పయినచో, పంతులునకు పిల్లవాని భాష రాకపోవుట మాత్రము తప్పు కాదా యని వారు తలచినట్లు వారి పనులను బట్టి మనము ఊహింపవచ్చును. నేర్పుటకు పూర్వము తామే నేర్చుకొనుటకు పూనుకొనిరి.

అది సామాన్యమైన పని కాదు. సవరభాషకు అప్పటికి వ్యాకరణము లేదు, నిఘంటువు లేదు, వ్రాతయే లేదు. తెలుగు, సవర రెండును వచ్చిన మనిషి నొకనిని తమ యింటనే ఉంచుకొని, అతని నోటినుండి మాట తరువాత మాట విని వ్రాసికొనిరి. ఆ కాలపు బ్రాహ్మణ గృహములలో నుండిన కట్టుబాట్లను ఎరిగినవారికి, ఇంటనే ఉంచుకొనిరి అను మాట బరువు తెలియును. ఈ పరిశ్రమ ఒకటి రెండు సంవత్సరములది కాదు. అనేక సంవత్సరములు సాగెను.

విన్నకొలది ఆ భాష వింతగా తోచెను. అది తెలుగునకు చుట్టము కాదు, సంస్కృతమునకు కాదు. సంతాలీ, ముండారీలు చేరిన ముండా కుటుంబమునకు చెందినది. గొంతులో గాలిని చటుక్కున ఆపి పలికెడి ధ్వని యొకటి దానియందు కలదు. తెలుగు లిపిలో దానికి అక్షరము లేదు. మనము రెండు మూడు పదములతో చెప్పు వాక్యమును సవర ఒక్క క్రియలోనే ఇమిడ్చి పలుకగలడు. తిను వస్తువు పేరు పొట్టిదై తినుట అను క్రియలో కలిసిపోవును. చదువులేని జనుల మాటయని తేలికగా తలచెడి ఆ భాషలో ఇంతటి కట్టుదిట్టమైన వ్యాకరణ మున్నదని తెలిసినకొలది వారికి ఉత్సాహము హెచ్చెను. విదేశములనుండి భాషాశాస్త్ర గ్రంథములు తెప్పించుకొని చదివిరి. గురువులు లేని ఆ శాస్త్రములోను వారు స్వయముగానే విద్యార్థి యైరి.

సవర గూడెములకు తిరుగుటలో మన్యపు జ్వరము పట్టుకొనెను. దానికి ఆనాటి మందు కొయినా. అది అధికముగా వాడవలసివచ్చుటచే జ్వరము తగ్గినను వినికిడి తగ్గినది. ధ్వనులను విని పోల్చుటయే పనిగా గల పండితునకు చెవులు మందగించుట ఎంతటి నష్టమో చెప్పవలెనా? ఆ పిమ్మట ఎదుటివారు గట్టిగా చెప్పినగాని వారికి వినబడెడిది కాదు. అయినను పని విడువలేదు.

నేర్చుకొన్నది నేర్పుట మొదలిడిరి. సవరభాషలో తెలుగు లిపితో వాచకములు కూర్చిరి. సవరల కొరకు బడులు పెట్టిరి. ఆ బడులలో చెప్పు ఉపాధ్యాయుల జీతములను తమ జీతమునుండి ఇచ్చిరి. పంతులు జీతము ఎంతటిదో, దానిలో మరియొక పంతులునకు జీతమిచ్చుట యెట్టిదో నావంటి బడిపంతుళ్లకు బాగుగా తెలియును. కొండపిల్లవాడు బడికి రాగానే తన తల్లి పలుకు మాటనే పలకమీద చూచుట అదియే ప్రథమము. 1913లో ప్రభుత్వము వారికి రావు సాహెబు అను బిరుదము నిచ్చి గౌరవించెను.

ఇచ్చట ఒక మాట చెప్పి ముందునకు పోయెదను. శ్రీకాకుళమునకు చేరువనున్న నైరలో 1989లో వ్యవసాయ కళాశాల ఏర్పడినది. మీలో కొందరు అచ్చట చదువ గోరుదురు. వ్యవసాయ పట్టమునకు చదువువారు చివరి సంవత్సరమున కొంతకాలము పల్లెలలో నుండి, రైతుల పనిపాటలు దగ్గరనుండి చూచి నేర్చుకొనవలెనను నియమము కలదు. నేల వాలును, వాన రాకడను, విత్తనపు గుణమును ఎరిగిన రైతు ముందు పట్టమునకు చదువు విద్యార్థి మరల శిష్యుడగును. సీతంపేట, భద్రగిరి ప్రాంతముల గూడెమునుండి బయలుదేరిన పిల్లవాడు ఆ కళాశాలకు చేరవలెనన్నచో సవరనుండి తెలుగునకు, తెలుగునుండి ఇంగ్లీషునకు రెండు ఏరులు దాటవలెను. మైదానపు పిల్లవాడు దాటవలసినది ఒకటే. మొదటి యేటిమీద వంతెన కట్టుటకు మొదట పూనుకొన్నవారు రామమూర్తి పంతులుగారు.

1911లో ముప్పదియేండ్ల కొలువు ముగించి పంతులుగారు ఉద్యోగ విరమణ చేసిరి. అంతకు కొలదికాలము ముందే మరియొక పని వారిని పిలిచెను. 1907లో యేట్సు అను ఇంగ్లీషు దొర ఈ ప్రాంతముల పాఠశాలల తనిఖీ అధికారిగా వచ్చెను. ప్రజలు మాటలాడు తెలుగునకును పుస్తకములలోని తెలుగునకును ఇంత యెడము ఏల యని అతనికి సందేహము కలిగెను. విశాఖపట్టణములో ఏ.వి.ఎన్. కళాశాలాధ్యక్షులుగా నుండిన పి.టి. శ్రీనివాస అయ్యంగారు, ఈ సందేహమును తీర్పగలవారు గురజాడ, గిడుగు అని చూపిరి. పూర్వపు సహాధ్యాయులు ఇరువురు మరల ఒక పనిలో కలిసిరి.

ఇది వారికి క్రొత్త ప్రశ్న కాదు. సవర పిల్లవానికి తెలుగుబడి ఎట్టిదో, తెలుగు పిల్లవానికి కావ్యభాషలోని బడి కొంతవరకు అట్టిదే. ఇంట నొక మాట, వ్యాసములో నొక మాట. బుద్ధిమంతుడైన పిల్లవాడు కూడ తనకు తెలిసిన సంగతిని వ్రాయలేక, అలవాటు లేని క్రియారూపములకు భయపడి, రెండు వాక్యములతో ఆపివేయును. పరీక్షలో తప్పును. పై చదువులకు తలుపు మూసికొనిపోవును. 1912-13 ప్రాంతమున స్కూలు ఫైనలు పరీక్షలో వ్యాసమును కావ్యభాషలో గాని ఆధునిక భాషలో గాని వ్రాయవచ్చునని ఉత్తరువు వచ్చెను. పండితలోకము అట్టుడికినట్లయ్యెను. జయంతి రామయ్యపంతులుగారు మొదలైన పెద్దలు తీవ్రముగా ఎదిరించిరి. కొలది యేండ్లలోనే ప్రభుత్వము వెనుకకు తగ్గెను. 1915లో గురజాడ మరణించుటతో పంతులుగారికి కుడిభుజము పోయినట్లయ్యెను.

వారు ఒంటరిగా నడచిరి. 1919లో తెలుగు అను మాసపత్రికను నడపిరి. ఆ యేటనే రాజమహేంద్రవరమున వర్తమానాంధ్ర భాషా ప్రవర్తక సమాజము ఏర్పడెను. కందుకూరి వీరేశలింగము పంతులుగారు అధ్యక్షులు, వీరు కార్యదర్శి. 1925లో తణుకున జరిగిన సాహిత్య పరిషత్తు సభలో నాలుగు గంటలు ప్రసంగించిరి. వాదములో వారు మెత్తనివారు కారు. వాడుకభాష వ్రాయుట తప్పన్న పండితులు తమ గ్రంథములలో తామే చేసిన వ్యాకరణదోషములను ఏరి, గద్యచింతామణి మొదలైన పుస్తకములలో బయటపెట్టిరి. పండిత పరీక్షకు చదివిన నావంటివాడు ఆ పుటలు తిరుగవేయునపుడు కొంచెము తల దించుకొనక తప్పదు. ఈ పాఠమును నేను వ్రాయుచున్న భాషయే వారు బడిపిల్లలకు వలదన్న భాష. చిన్ననాట చేతికి అలవడిన దారిని విడువలేకపోతిని. వారు చూచినచో నవ్వుదురు. తరువాత తప్పులును ఏరుదురు.

ఈ భాషావాదముల నడుమ సవరపని మూలబడలేదు. 1931లో మద్రాసు ప్రభుత్వము వారి సవర వ్యాకరణమును ప్రకటించెను. 1933లో ఇంగ్లీషు సవర నిఘంటువు, 1938లో సవర ఇంగ్లీషు నిఘంటువు వెలువడినవి. 1934లో కైసర్-ఇ-హింద్ అను స్వర్ణపతకము లభించెను. ముండా భాషలను పరిశోధించిన తరువాతి దేశవిదేశ పండితులు వారి వ్యాకరణమును, నిఘంటువును పునాదిగా గైకొనిరి. చివరి నిఘంటువు అచ్చయినపుడు వారికి డెబ్బదియైదేండ్లు. అది అచ్చగునాటికి వారు ఆ కొండలకు దూరమై యుండిరి. ఆ సంగతి చెప్పవలెను.

1936 ఏప్రిలు 1వ తేదీన ఒరిస్సా ప్రత్యేక రాష్ట్రమయ్యెను. తెలుగువారు పెక్కుమంది యున్న పర్లాకిమిడి పట్టణము ఆ రాష్ట్రములో చేరెను. పంతులుగారు ఆ చేర్పును గట్టిగా వ్యతిరేకించిరి, ఫలము లేకపోయెను. ఏబది యారేండ్లు నివసించిన ఊరిని, తాము పాఠములు చెప్పిన బడిని, తిరిగిన కొండలను విడిచి, ఆ దినముననే వారు రాజమహేంద్రవరమునకు తరలిపోయిరి. డెబ్బది దాటిన వయస్సున ఇల్లు మార్చుట సుఖము కాదు. ఇచ్చట మనము తప్పొప్పులు విచారింపనక్కరలేదు. సరిహద్దు గీత ఎచ్చట గీచినను ఇరువైపుల కొందరికి బాధ కలుగును. సవరలు గీతకు రెండువైపులను మిగిలిరి. ఆ సంవత్సరముననే మంగయి గోమాంగో అను సవర తన భాషకు సొంత లిపి నొకదానిని కల్పించెను.

1938లో ఆంధ్ర విశ్వవిద్యాలయము కళాప్రపూర్ణ బిరుదముతో పంతులుగారిని గౌరవించెను. 1940 జనవరి 15వ తేదీన మద్రాసులో ప్రజామిత్ర కార్యాలయమున పత్రికా సంపాదకుల నుద్దేశించి ప్రసంగించి, పత్రికలలో వాడుకభాషను చేపట్టవలసినదిగా కోరిరి. వారముదినములు గడచినవి. జనవరి 22వ తేదీన వారు కన్నుమూసిరి.

వారి కుమారుడు సీతాపతిగారు తండ్రివలెనే సవరభాష నేర్చి, సవరల పాటలను సేకరించి, వారి దేశమును గూర్చి వ్యాసములు వ్రాసిరి. పంతులుగారు తమ జీతముతో నడపిన బడులు నిలువలేదు. సవర పిల్లలకు వారి భాషలో ప్రభుత్వ వాచకములు మన రాష్ట్రమున 2000వ సంవత్సరము దాటిన పిదప వెలువడినవి. అవి తెలుగు లిపిలోనే అచ్చయినవి.